కొలువు పక్షి, సొంత పక్షి

తుమ్మెద చూపు మారిపోయింది.

నిన్నటిదాకా అది ఆకలి చూపు. "ఇంకా పెట్టవేం?" అని అడిగే చూపు. ఇవాళ పొద్దున్నుంచి అడగటం మానేసింది. మెడ ఒక పక్కకి వాల్చి, పళ్ళెమంత పచ్చటి కన్నుతో తన రౌతు మాచన భుజాలనీ తొడలనీ నింపాదిగా చూస్తోంది. సంతలో మేకను బేరమాడేవాడు ముందు ఎలా చూస్తాడో, అచ్చం అలా!

పేరుకే తుమ్మెద. నిజానికి అది గున్న ఏనుగంత భేరుండ పక్షి. రెక్కలు విప్పిందంటే వజ్రకూట నగరపు రాజవీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నీడ పడిపోతుంది. కాటుక రంగు ఈకలు, ఈక ఈకకీ అంచున నెమలికంఠం నీలం, ఎండలో నిలబడితే నూనె రాసిన ఇనుప విగ్రహంలా నిగనిగలాడేది. ఇప్పుడా నిగనిగ ఏది? బూడిద కప్పేసింది. రొమ్ము ఎముక పడవ అడుగులా పొడుచుకొచ్చింది.

ధూమ్రగిరి కొండ పదిరోజులకి పైగా బూడిదవాన కురిపిస్తోంది. ఆకాశం కనబడదు, దారి కనబడదు. పక్షుల మీద ఎక్కి ప్రయాణం చేసే బాటసారి ఒక్కడంటే ఒక్కడు రాలేదు. బాటసారి రాకపోతే కిరాయి లేదు. కిరాయి లేకపోతే మేక లేదు. మేక లేకపోతే...

ఊరి బయట కొండ అంచున ఉన్న ఈ చదును నేలని రెక్కలబండ అంటారు. సొంత పక్షులున్న రౌతులందరూ కిరాయి కోసం ఇక్కడే కాసుకుని కూచుంటారు. నెల కిందట ఇరవై పక్షులుండేవి. ఇప్పుడు ఒక్క తుమ్మెదే మిగిలింది. కొందరు అయినకాడికి అమ్ముకుపోయారు. సూరన మాత్రం అమ్మలేదు, మొండివాడు. మొన్న పొద్దున్న చూస్తే సూరన చెప్పులున్నాయి, సూరన లేడు, పక్షీ లేదు. కడుపు మరీ కాలితే భేరుండానికి యజమాని అనే మాట గుర్తుండదు!

"ఏరా మాచనా, నిన్నింకా తినలేదా?"

దట్టంగా రాలుతున్న బూడిదలోంచి గొడుగు వేసుకుని పేరయ వచ్చాడు. కోట కొలువులో భేరుండ రౌతు. మాచనా వాడూ పదేళ్ళు ఒకే పాకలో పడుకుని, ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

"నీకోసమే ఆగిందిరా. నా ఒంట్లో ఏముంది, ఎముకలు. నువ్వైతే కోట తిండి తిని నేతిబూరెలా ఉన్నావు."

పేరయ గబుక్కున నాలుగడుగులు వెనక్కి వేసి, ఒడిలోంచి అటుకుల మూట తీసి విసిరాడు. మాచన మూట విప్పి గుప్పెడు నోట్లో కుక్కుకున్నాడు. మిగతావి తుమ్మెద ముందు పోశాడు. అది వాటి వంక కూడా చూడలేదు. మాంసం తినేదానికి అటుకులేం ఆనతాయి?

"ఈ వానలో మేమేం చేశామో తెలుసా?" అన్నాడు పేరయ. "పాచికలాడాం. ఒక్కరోజూ ఎగరలేదు. అయినా నిన్న జీతం చేతిలో పడింది, పది వరహాలు, లెక్క ప్రకారం. పక్షులకి రోజూ ఓ మేక. నా పక్షికి జలుబు చేస్తే వైద్యుడు మిరియాల కషాయం పట్టాడు. ఆ కషాయం ఖరీదెంతో నాకు తెలీదు. నాకెందుకు తెలియాలి?"

మాచన వేళ్ళకంటిన అటుకుల పొడి నాకాడు.

"కోట వదిలినరోజు నువ్వేం చేశావురా? బొగ్గు తీసుకుని పాక గోడ మీద రాశావు. బాటసారి ఒక్క ప్రయాణానికి ఖజానాకి కట్టేది ఎనిమిది వరహాలు. నెలకి ఇరవై సార్లు ఎగురుతున్నాను. అంటే నూట అరవై! నా చేతికొచ్చేది పది! మిగతాది ఎవడు మింగుతున్నాడూ అని మా అందరి ముందూ గోడ మీద గుద్దావు. ఆ గోడ మీద ఆ రాత ఇంకా అలాగే ఉంది."

"ఆ లెక్కలో తప్పేముందిరా?"

"తప్పేం లేదు. మేకేదిరా ఆ లెక్కలో?"

మాచనకి ఒళ్ళు మండింది, ఎందుకంటే అదే మాట పదిరోజులుగా తన కడుపే తనని అడుగుతోంది. మొదటి రెండు నెలలూ రాజ్యమేలినట్టే ఉంది మరి! రోజుకి ఎనిమిది వరహాలు మొలలో గలగలమంటుంటే పట్టుపంచె కట్టాడు, పాత మిత్రులందరికీ విందు పెట్టాడు, ఈ పేరయనే "ఇంకెన్నాళ్ళురా ఆ బానిస బతుకు" అని వెక్కిరించాడు. అప్పుడు తెలియలేదు. మేక తినేది పక్షి ఒక్కటే కాదు. తోలుజీను ఆర్నెల్లకోసారి తింటుంది. గోళ్ళు అరగదీసేవాడు తింటాడు. ఆకాశసుంకం వసూలుచేసే కోట బంటు తింటాడు. జ్వరం వచ్చి తను పడుకుంటే ఆరోజు కిరాయిని మంచమే తింటుంది. కోటలో ఉన్నప్పుడు ఇవన్నీ గోడవతల నుంచి వాటంతటవే వచ్చి పడేవి. నీటికి ఖరీదుంటుందని చేప అనుకుంటుందా?

"సరేలే, ఎత్తిపొడవటానికి రాలేదు." పేరయ గొంతు తగ్గించాడు. "దండనాయకుడి ఆజ్ఞ అయింది. సూరన సంగతి తెలిశాక ఊరంతా హడలిపోతోంది. పొద్దుగుంకేలోగా తుమ్మెద కడుపు నిండకపోతే అగ్నిబాణాలు వేసి చంపేస్తారు. నేను గుండయ సాహిణి కాళ్ళమీద పడ్డాను."

గుండయ అంటే కోట పక్షిశాలకి అధికారి. తెల్లమీసాల ముసలాయన. పక్షులకి రోజూ మొదటి ముద్ద ఆయన చేత్తోనే పెడతాడు, ఇంకెవరినీ పెట్టనివ్వడు. మాంసం దొంగిలిస్తారని ముసలాడికి భయమని రౌతులందరూ నవ్వుకునేవాళ్ళు.

"నువ్వు తిరిగొస్తే తీసుకుంటానన్నాడురా. సగం జీతం. తుమ్మెద మళ్ళీ కోటదవుతుంది. ఇప్పుడే వస్తే ఇప్పుడే మేక."

మాచన తుమ్మెద ఎడమరెక్క వైపు చూశాడు. రెక్క మొదట్లో బొమికె అతుక్కున్న చోట పెద్ద కణుపు. ఆ రెక్క విరిగినరోజున ఇదే కోటలో ఇదే అధికారులు "ఎగరని పక్షికి తిండి దండగ, కోసెయ్యండి" అన్నారు. పదేళ్ళ కొలువుకి చివర్లో రావలసినదంతా వదులుకుని, బదులుగా ఆ పక్షిని అడిగి తెచ్చుకున్నాడు మాచన. వెదురుబద్దలు కట్టి, ఒళ్ళో తల పెట్టుకుని, పసిపిల్లలా సాకాడు.

"మళ్ళీ రెక్క విరిగితేరా?" అన్నాడు.

పేరయ కాలితో బూడిద గీశాడు.

"కోటదైతే విరిగినరోజున కత్తే," అన్నాడు మాచన. "వద్దురా. దీని ప్రాణం ఎవడి లెక్కలోనూ రాయను."

"నీ ప్రాణం సంగతేంట్రా మూర్ఖుడా!" పేరయ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోయి బంట్లని ఇంకాసేపు ఆపి చూస్తాను. నువ్వు మాత్రం దానికి వీపు చూపించకు." బూడిదలో ఆ గొడుగు మాయమైంది.

తుమ్మెద ఒక అడుగు ముందుకి వేసింది. దాని ముక్కు మెల్లిగా తెరుచుకుంది.

"అమ్మా, నేనే," అన్నాడు మాచన. "మాచననే తల్లీ..."

ఇంకొక అడుగు!

"రెక్కలబండ అంటే ఇదేనా నాయనా?"

మాచన ఉలిక్కిపడి తిరిగాడు. ఎర్రటి తలపాగా, చెవులకి మాణిక్యాల పోగులు, మెడలో మూడు పేటల ముత్యాలు, కుంకుమపువ్వు వాసన గుప్పుమంటున్న పట్టు అంగరఖా, దాని మీద బూడిద రేణువు ఒక్కటి లేదు! నందుడనే సుగంధద్రవ్యాల వర్తకుడినని చెప్పుకున్నాడు. ఆయన వెనక, పలుపులు లాగుతూ, బలిసిన మేకలు రెండు.

"పగడపురం రేవుకి పోవాలి. ఓడ వెళ్ళిపోతుంది. కోట పక్షులు ఈ వానలో ఎగరవట. నువ్వు ఎగురుతావా?"

"ఎగురుతాం బాబూ! ఎందుకెగరం!" మాచన గొంతు కీచుమంది.

"కిరాయి ఇరవై వరహాలు. పక్షి తిండి నా ఖర్చు. ఒక మేక ఇప్పుడు, ఒకటి దారిలో."

ఇరవై! తిండి పైగా! మాచన చెవులు గింగురుమన్నాయి. ఈ మనిషి మనిషి కాదు, కులదైవం పంపిన దూత. పరుగున పోయి పలుపు అందుకోబోయాడు. వర్తకుడు చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆగు నాయనా. నా డబ్బు పెట్టి కొన్న మేక. నా చేత్తోనే పెడతాను. పుణ్యం నాకు రావద్దూ?"

"పుణ్యమంతా మీరే మూటకట్టుకోండి బాబూ. దాని కడుపు నిండితే నాకదే చాలు."

వర్తకుడు నవ్వాడు. మేకని ఒంటిచేత్తో ఎత్తి తుమ్మెద ముక్కులోకి అందించాడు. కటుక్కుమంది. ఒక్క గుటక! తుమ్మెద ఒళ్ళంతా జలదరించింది, ఈకలు నిక్కబొడుచుకుని బూడిదంతా రాలిపోయింది. మాచన దాని మెడ కౌగిలించుకుని భోరుమన్నాడు. రెండో మేకని జీను వెనక తోలుపట్టీతో బిగించి కట్టాడు. వర్తకుణ్ణి ఎక్కించాడు. పగ్గాలు పట్టాడు.

"పద తల్లీ!"

రెక్కలబండ కింద లోయ నోరు తెరుచుకుంది, తుమ్మెద అందులోకి దూకింది, గాలి రెక్కల కింద ఢామ్మని పేలింది, అంతే! బూడిదమేఘం చీల్చుకుని పైకి దూసుకుపోయారు. పైన... ఓహో! ఎన్నాళ్ళకి చూశాడో ఆ నీలం! కింద బూడిదమేఘం వెండి దుప్పటిలా పరుచుకుంది. దానిలోంచి వజ్రకూటం కోటబురుజులు మాత్రం బంగారు మొగ్గల్లా పొడుచుకొచ్చాయి. దూరాన ధూమ్రగిరి శిఖరం నల్లగా పొగలు కక్కుతోంది. మాచన గొంతెత్తి పాడబోయాడు.

పాట గొంతులోనే ఆగిపోయింది.

పగడపురం తూర్పున. తుమ్మెద దక్షిణానికి తిరుగుతోంది.

"ఏయ్, ఇటు!" ఎడమ పగ్గం లాగాడు. తుమ్మెద తల కదలలేదు. రెండు చేతులతో లాగాడు. మోకాళ్ళతో పొడిచాడు. ఈల వేశాడు. ఎప్పుడూ ఒక్క ఈలకే గిర్రున తిరిగే పక్షి, వీపు మీద ఎవడూ లేనట్టే సముద్రం వైపు దూసుకుపోతోంది!

వెనక నుంచి నవ్వు వినిపించింది. మొదట వర్తకుడి నవ్వే. చివరికొచ్చేసరికి అది బండల మధ్య రాళ్ళు దొర్లినట్టయింది.

"పదేళ్ళు కోటలో ఉన్నావు మాచనా. ఆ ముసలి గుండయ మొదటి ముద్ద తన చేత్తోనే ఎందుకు పెడతాడో ఒక్కసారైనా అడగలేదా?"

మాచన తల తిప్పాడు. ఎర్రతలపాగా దానంతటదే విడిపోతోంది. విడిపోతూ విడిపోతూ బుసకొట్టి, వేయి మెలికల కెంపుత్రాచై వాడి మెడ చుట్టూ పాకింది. ముత్యాల పేటలు పుర్రెలయ్యాయి. పట్టు అంగరఖా కరిగి బూడిదై ఒంటికి అంటుకుంది. చింతనిప్పుల్లాంటి కళ్ళు, మోకాళ్ళదాకా జడలు! ధూమ్రగిరి మాంత్రికుడు ఘర్ఘరుడు! వీడి పేరు చెబితే వజ్రకూటంలో చంటిపిల్లలు ఏడుపు మానేస్తారు.

"ఖాళీ కడుపుకి మొదటి ముద్ద ఎవరు పెడితే భేరుండం వాళ్ళ మాటే వింటుంది," అన్నాడు ఘర్ఘరుడు. "మళ్ళీ ఆ కడుపు ఖాళీ అయ్యేదాకా. కోట పక్షులకి గుండయ పెడతాడు, అందుకే అవి కోటవి. నువ్వు వాటి మీద కూచునేవాడివంతే. దీనికి నువ్వు పెట్టావు కాబట్టి ఇన్నాళ్ళూ నీది. ఏమనుకున్నావు? రెక్క కట్టావని ప్రేమనుకున్నావా?"

మాచన గుండెలో ఎవరో గునపం దించినట్టయింది. పుణ్యం మీరే మూటకట్టుకోండి అన్నాడు! నవ్వుతూ అన్నాడు!

"ఈ బూడిదవాన..."

"నేనే కురిపించాను. కోట పక్షిని మాడ్చటం నావల్ల కాదు, దానికి రాజుగారి మేకలమంద ఉంది. సొంత పక్షులైతే? పదిరోజులు కిరాయి లేకపోతే చాలు. మీలో ఎవడో ఒకడు నా మేకకి చెయ్యి చాస్తాడని తెలుసు."

ముందు సముద్రం కనిపించింది. సముద్రం మీద... అమ్మో! సుడిగోడ! నీళ్ళ మీంచి నింగి దాకా నిలబడ్డ గాలిగోడ. కాకినలుపు. అందులో విరిగిన ఓడ తెరచాపలూ చుక్కానులూ, తిమింగలం ఎముకలూ గిరగిరా తిరుగుతున్నాయి. దాని లోపలి దీవిని చూసి తిరిగొచ్చిన మనిషి లేడు.

"ఆ దీవిలో స్తంభన మణి ఉంది. అది నా చేతికొస్తే రేపీపాటికి వజ్రకూటం రాజు దగ్గర్నుంచి నీ పేరయదాకా అందరూ రాతిబొమ్మలే. పక్షి నా మాట వింటుంది. కానీ ఆ గోడలో మాట చాలదు, గాలికి తగ్గట్టు ఒరిగే రౌతు నడుము కావాలి. అది నాకు లేదు. అందుకని నీతో బేరం." ఘర్ఘరుడు ముందుకి వంగాడు. "నా కొలువులో చేరు. నెలకి నూరు వరహాలు. కోటలో ఇచ్చినదానికి పదింతలు. మేక నాది, జీను నాది, కషాయం నాది."

"పక్షి?"

"అదీ నాదే."

"మరి నేను?"

"నువ్వు జీతగాడివి. జీతగాడికి ఇన్ని ప్రశ్నలెందుకు?"

"వద్దంటే?"

ఘర్ఘరుడు కిందికి చూపించాడు. ఎక్కడో అడుగున అలలు తెల్లటి చీమల బారుల్లా పాకుతున్నాయి.

"వద్దంటే సొంతంగా దిగొచ్చు."

ఆలోచించే వ్యవధేది? గోడ మీదికొచ్చేసింది! నడుము తెలిసినవాడు లేకపోతే మొదటి సుడికే తుమ్మెద రెక్కలు తుక్కుతుక్కవుతాయి, ముందు ఆ అతికిన రెక్కే. మాచన పగ్గాలు వదిలేసి దాని మెడ మీద బోర్లా పడ్డాడు.

"పట్టుకో!" అని అరిచాడు. మాంత్రికుడికి చెప్పాడో తనకే చెప్పుకున్నాడో తెలీదు.

చీకటి! చెవులు పగిలే హోరు! కుడికి ఒరిగాడు, తుమ్మెద కుడికి ఒరిగింది, ఏనుగంత చుక్కాని చెక్క వాళ్ళ తలల మీంచి రివ్వున పోయింది. ఎడమకి! తెరకొయ్య ఒకటి ఈటెలా వచ్చి తోకఈకలు కోసుకుపోయింది. పైకి, పైకి, ఇంకా పైకి, ఒక్కసారిగా గాలి లేని గుంట, బావిలో రాయిలా పడిపోతున్నారు, మాచన తొడలు బిగించి వెనక్కి వాలాడు, రెక్కలు మళ్ళీ గాలిని పట్టాయి. అతికిన బొమికె కరకరమంటోంది. ప్రతి కరకరా మాచన పళ్ళల్లో వినిపిస్తోంది. "కొంచెం తల్లీ, ఇంకొంచెం..." ఉప్పునీళ్ళో కన్నీళ్ళో ముఖమంతా తడిసిపోయింది.

ఫెళ్ళున వెలుగు.

గోడ లోపల గాలి లేదు, అల లేదు. పచ్చల పళ్ళెంలా నిశ్చలంగా సముద్రం. దాని నడుమ పగడపు దీవి, సూర్యకాంతిలో దానిమ్మ చీల్చినట్టు ఎర్రగా మెరుస్తోంది. కొండచరియల నిండా తెల్లటి పూలతీగలు, వాటి సందుల్లోంచి జలపాతాలు ముత్యాలసరాల్లా జారుతున్నాయి. ఇంత అందమైన చోట చావటమా అనిపించింది మాచనకి.

తుమ్మెద బొంగురుగా అరిచింది. ఆకలి అరుపు! గోడ దాటటంలో ఇందాకటి మేక ఆవిరైపోయింది. కడుపు మళ్ళీ ఖాళీ.

మాచన, ఘర్ఘరుడు ఒక్కసారే రెండో మేక వైపు చూశారు.

మాంత్రికుడి చెయ్యి పలుపు కోసం సాగింది. మాచన మొలలోంచి తోలు కోసే చురకత్తి లాగాడు. మేక కోసం పెనుగులాడితే గెలవలేడు, తెలుసు. అందుకని మేకని ముట్టుకోలేదు. జీను వెనక పట్టీని ఒక్క కోత కోశాడు. మేక అరుచుకుంటూ గాల్లో గిరికీలు కొట్టుకుంటూ పచ్చటి నీళ్ళలో పడింది.

"ద్రోహీ!" ఘర్ఘరుడు గర్జించాడు. "స్తంభ! స్తంభ!"

మాచన కాలివేళ్ళు మొద్దుబారాయి. వంగి చూసుకుంటే పాదాలు బూడిదరంగు రాయి! రాయి చీలమండలు దాటి, పిక్కలు పట్టి, పైకి పాకుతోంది. ఆ బరువుకి తుమ్మెద ఒక పక్కకి ఒరిగింది. ఆకలితో దాని మెడ వెనక్కి తిరిగింది. ముక్కు తెరిచింది. మొదట అందేవాడు మాచనే.

ఇంకేముంది పెట్టడానికి? అటుకులు లేవు, మేక లేదు, మొలలో చిల్లిగవ్వ లేదు.

ఎడమచెయ్యి చాచి ఆ ముక్కులో పెట్టాడు.

"తిను తల్లీ. నేనే పెడుతున్నాను. తిను!"

ఘర్ఘరుడికి అర్థమైపోయింది. తనూ చెయ్యి చాచాడు! చాచాడు గానీ, రంపపు అంచులున్న ఆ ముక్కు దగ్గరికి రాగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయాయి. ఎవడి మేకనో పెట్టటానికి రెప్పపాటు పట్టదు, సొంత వేలు పెట్టటానికి మాత్రం మనసు రాదు!

ముక్కు మూసుకుంది.

మాచన కేక దీవిని తాకి తిరిగొచ్చింది. కానీ చెయ్యి పోలేదు. బొటనవేలి కింద కండ మాత్రం నిమ్మకాయంత తెంపుకుని, తుమ్మెద మింగింది. మొత్తం చెయ్యి తినగలిగీ ఎందుకు తినలేదో భగవంతుడికే ఎరుక.

"దొర్లు!" అని అరిచాడు మాచన.

తుమ్మెద మాట విన్నది! గాల్లో గిరుక్కున వెల్లకిలా తిరిగింది. ఆకాశం కిందికి, సముద్రం పైకి! ఘర్ఘరుడు పట్టు జారి ఎగిరిపోయాడు. మాచన మాత్రం పడలేదు. రికాబుల్లో రాయైపోయిన పాదాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయి అతణ్ణి జీనుకి అంటిపెట్టేశాయి. మంత్రం వేసినవాడే తాడు కట్టినట్టయింది! తుమ్మెద మళ్ళీ తిన్నగా అయింది. మాచన ఊపిరి పీల్చుకున్నాడు.

"లాగరా పైకి!"

కిందికి వంగి చూస్తే, తుమ్మెద కుడికాలి గోరు పట్టుకుని ఘర్ఘరుడు వేలాడుతున్నాడు. కెంపుత్రాచు వాడి మెడ వదిలి ఎప్పుడో సముద్రంలోకి దూకేసింది.

"ముందు నా కాళ్ళు విడిపించు!" అన్నాడు మాచన.

"ముందు లాగు!"

"ముందు విడిపించు!"

"నేను పడితే నీ కాళ్ళు చచ్చేదాకా రాళ్ళేరా మూర్ఖా! ఇంకో గడియలో నడుముదాకా వస్తుంది!"

నిజమే. రాయి మోకాళ్ళు దాటింది. పైన రాతికాళ్ళు, కింద మాంత్రికుడు, మధ్యలో మూడొంతులు ఎండిపోయిన పక్షి. రెక్క ఎత్తితే దించలేకపోతోంది, దించితే ఎత్తలేకపోతోంది. నిమ్మకాయంత ముద్ద ఎంతసేపు ఆగుతుంది? దీవి ఇంకా దూరంగానే ఉంది. పచ్చటి నీళ్ళు జానెడు జానెడు దగ్గరకొస్తున్నాయి. ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే, పడబోతున్న తమ నీడ అందులో తమకే ఎదురొస్తోంది.

అప్పుడు దీవి మీది తెల్లటి పూలతీగలు కదిలాయి.

పూలతీగలు కావు. పక్షులు! కొండచరియల నిండా భేరుండాలు. జీను ఎరగనివి, పగ్గం చూడనివి. మంచురంగు రెక్కలతో వందలకి వందలు ఒక్కసారి లేచాయి, వాటి రెక్కల గాలికి అద్దంలాంటి సముద్రం మీద ముడతలు పడ్డాయి. అన్నిటికీ ముందు ఎర్రజుట్టున్న మగపక్షి ఒకటి బాణంలా వస్తోంది.

"మంత్రం! ఏదో ఒక మంత్రం వెయ్యి!" అన్నాడు మాచన.

"రెండు చేతులూ దీని గోరుకే ఉన్నాయిరా, ముద్ర ఎలా పట్టను!" ఘర్ఘరుడి గొంతులో మొదటిసారి ఏడుపు వినబడింది.

ఎర్రజుట్టు పక్షి మీద పడలేదు. తుమ్మెద పక్కనే, రెక్కకి రెక్క ఆనేంత దగ్గరగా ఎగరసాగింది. దాని ముక్కున మనిషంత పొడవున్న వెండిచేప తోక కొట్టుకుంటోంది. మెడ చాచి ఆ చేపని తుమ్మెద ముక్కు దగ్గర పెట్టింది.

తుమ్మెద తినలేదు. గొంతు కదులుతోంది, ముక్కు వణుకుతోంది, అయినా తినలేదు. అది ఇంకా మాచన పక్షి. మాట కోసం చూస్తోంది.

"తిననియ్యకు!" కింద నుంచి ఘర్ఘరుడు గావుకేక పెట్టాడు. "నువ్వు పెట్టిన ముద్ద అరిగిపోవచ్చింది, ఇప్పుడిది తిన్నదంటే నీదీ కాదు, నాదీ కాదు! ఆ మందలో కలిసిపోతుంది! నీ చేతి మాంసం ఇంకో ముక్క పెట్టు, ఇంకొక్క ముక్క!"

మాచన రక్తమోడుతున్న చెయ్యి చూసుకున్నాడు. ఇంకో ముక్క పెట్టొచ్చు. ఆ తర్వాత ఇంకోటి. చెయ్యి అయిపోతుంది, దీవి రాదు. రెక్కల కొసలు నీళ్ళని తాకాయి. తుళ్ళిన తుంపర మొహాన పడింది. అతను వంగి, కాటుకరంగు మెడ మీద చెంప ఆనించాడు.

కోటలో తనకి పది వరహాలు వచ్చేవి, బయట ఎనిమిదెనిమిది వచ్చాయి, మాంత్రికుడు నూరిస్తానన్నాడు. ఇన్ని బేరాల్లోనూ ఎగిరింది ఇది. దీన్ని ఎవరైనా ఏం కావాలని అడిగారా?

"తిను తల్లీ," అన్నాడు.

తుమ్మెద చేప అందుకుంది. ఒక్క గుటక. ఎర్రజుట్టు పక్షి ఆకాశం దద్దరిల్లేలా కూసింది, వందల గొంతులు బదులిచ్చాయి, తుమ్మెద రెక్కలు విచ్చుకుని నీళ్ళని ఒక్క చరుపు చరిచాయి. లేచింది!

మాచన అలవాటుకొద్దీ ఎడమ పగ్గం లాగాడు. బదులు లేదు. కింద నుంచి ఘర్ఘరుడు "దీవికి! దీవికి పోనీ!" అని ఆజ్ఞాపించాడు. బదులు లేదు. తుమ్మెద దీవి వైపు తిరగలేదు, సుడిగోడ వైపు తిరగలేదు. తెల్లటి మందలో ఒక్క నల్లచుక్కయి, నిటారుగా, సూర్యుడికేసి ఎక్కుతోంది. గాలి పలచబడుతోంది. రాయి తొడల్లోకి పాకుతోంది. మాచన చేతిలోంచి పగ్గాలు జారిపోయాయి, అతను వాటిని మళ్ళీ అందుకోలేదు.

"ఎక్కడికే అమ్మా?" అన్నాడు.

పదేళ్ళ రౌతు బతుకులో ఒక పక్షిని ఆ మాట అడగటం అదే మొదలు.